తాబేలు పంపిన సంకేతాలు

అండమాన్ దీవుల పటంలో చాతం ఒక చుక్కంత దీవి. దక్షిణ అండమాన్‌తో దానిని ఒక చిన్న వంతెన కలుపుతుంది. వైశాల్యంలో చిన్నదైనా చరిత్రలో దీని స్థానం చిన్నది కాదు. 1789లో లెఫ్టినెంట్ ఆర్చిబాల్డ్ బ్లెయిర్ తన తొలి స్థావరాన్ని నెలకొల్పింది ఈ దీవిలోనే. ఆసియా ఖండంలోని అతి పాత సామిల్లులలో ఒకటి 1883లో ఇక్కడే మొదలైంది. రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబు పడిన గొయ్యి ఆ మిల్లు ఆవరణలో నేటికీ ఉంది. ఇక మన భాష సంగతి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి పదమూడుగురి మాతృభాష తెలుగు. కనుక చాతం రేవులో పడవ కోసం నిలబడినవారికి, పక్కనే శ్రీకాకుళం యాసలో చేపల ధర గురించి వాదన వినిపిస్తే ఆశ్చర్యపడనక్కరలేదు.

మేము ఉద్యోగరీత్యా ఈ దీవుల్లో రెండు విడతలుగా కొన్నేళ్ళు గడిపాము. చదివినది ఇంజనీరింగు, చేసినది యంత్రాల మధ్య కొలువు. జంతుశాస్త్రంతో మాకు వృత్తిపరంగా ఏ సంబంధమూ లేదు. అయితే ఈ దీవుల్లో ఉన్నవారికి ప్రాణికోటి నుండి తప్పించుకునే వీలు లేదు. గత కొన్నేళ్ళుగా ఎలక్ట్రానిక్ పరికరాలు ఆ ప్రాణుల బ్రతుకులోకి ఎలా ప్రవేశిస్తున్నాయో, వాటి ద్వారా ఎంతటి వింతలు బయటపడుతున్నాయో తెలుసుకునే కొద్దీ మాలో కుతూహలం పెరిగింది. అందులో కొంత మన పత్రిక పాఠకులతో, ముఖ్యంగా మన ఇళ్ళలోని పిల్లలతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఏనుగు. చాతం సామిల్లుకు చేరిన దుంగలెన్నో అడవిలో మొదట ఏనుగులు లాగినవే. ఏనుగులు ఈ దీవులకు సహజంగా చెందినవి కావు. కలప పని కోసం వాటిని ఓడలలో తీసుకువచ్చారు. మావటులు చెప్పే మాట ఒకటుంది. ఒకదానికొకటి కనబడనంత దూరాన ఉన్నా, ఘీంకారం వినబడకపోయినా, ఏనుగులు ఒకదాని సంగతి మరొకటి తెలుసుకుంటాయట. చాలాకాలం ఇది నమ్మకంగానే మిగిలిపోయింది. 1984లో కేటీ పేన్ అనే పరిశోధకురాలు అమెరికాలోని పోర్ట్‌లాండ్ జంతుప్రదర్శనశాలలో ఏనుగుల చెంత నిలబడినప్పుడు, చెవికి ఏ శబ్దమూ వినబడకుండానే గాలిలో ఒక అదురు ఆమె శరీరానికి తెలిసింది. ఆమె అంతకుముందు తిమింగలాల పాటలను అధ్యయనం చేసిన వ్యక్తి. తరువాత ధ్వనిని టేపుపై ముద్రించి, ఆ టేపును వేగంగా తిప్పి వినగా అసలు రహస్యం బయటపడింది. మనిషి చెవికి సెకనుకు సుమారు 20 కంపనాలకు తక్కువైన ధ్వని వినబడదు. ఏనుగుల సంభాషణలో కొంత భాగం ఆ హద్దుకు దిగువన జరుగుతున్నది. దీనినే మన పాఠ్యపుస్తకాలు పరశ్రావ్య ధ్వని అంటాయి. తరంగదైర్ఘ్యం ఎక్కువ కనుక చెట్టూ చేమా దానిని అంతగా అడ్డుకోలేవు. కిలోమీటర్ల దూరం సాగిపోతుంది. మావటి మాటలో సత్యముందని చివరకు ఒక టేపు రికార్డరు సాక్ష్యం చెప్పింది.

అయితే పరికరం ఎల్లప్పుడూ మన నమ్మకాన్ని బలపరుస్తుందని అనుకోరాదు. ఇందుకు నిదర్శనం సునామీ.

2004 డిసెంబరు 26 ఉదయం ఆరున్నర గంటల వేళ భూమి కదిలినప్పుడు మేము నేటి శ్రీవిజయపురంలో, అనగా నాటి పోర్ట్ బ్లెయిర్‌లో, కుటుంబంతో ఉన్నాము. కొన్ని నిమిషాలపాటు సాగిన ఆ కంపనాన్ని అనుభవించినవారు జీవితంలో మరువలేరు. తరువాత సముద్రం వచ్చింది. రేవులోని జెట్టీలు దెబ్బతిన్నాయి. దక్షిణ అండమాన్ నేల సుమారు ఒక మీటరు కుంగిపోగా, దక్షిణాన గ్రేట్ నికోబార్ చివరనున్న ఇందిరా పాయింటు నాలుగు మీటర్లకు పైగా దిగిపోయి అక్కడి దీపస్తంభం పాదం నీటిలో నిలిచింది. మేము క్షేమంగా ఉన్నామన్న కబురు విశాఖపట్నంలోని పెద్దవాళ్ళకు చేరడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులు వాళ్ళు ఏమి తిన్నారో, ఎలా నిద్రపోయారో మేము ఎన్నడూ అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

ఆ తరువాత నెలల తరబడి మా ఇంట్లో ఒకే చర్చ. మా అత్తగారు దృఢంగా అనేవారు: “మూగజీవాలకు ముందే తెలుస్తుంది నాయనా. మనకే తెలియదు. సముద్రం దగ్గర ఉన్నన్నాళ్ళూ ఒక కుక్కను పెంచుకోండి, అదే మీకు కాపలా.” ఆమె మాటలో ప్రేమ ఉన్నది, భయమూ ఉన్నది. అప్పట్లో పత్రికలు కూడా ఏనుగులు ముందుగానే కొండలెక్కాయని విరివిగా వ్రాశాయి. పిల్లలున్న ఇంటికి ఇది కాలక్షేపపు ప్రశ్న కాదు. మరొకసారి భూమి కంపిస్తే దేనిని నమ్మి బయటికి నడవాలి?

అనుకోకుండా ఈ ప్రశ్నకు కొంత సమాధానం శ్రీలంక నుండి వచ్చింది. ఆ దేశపు దక్షిణ తీరాన యాల అభయారణ్యంలో, సునామీ వచ్చేనాటికే, రెండు ఏనుగుల మెడలకు ఉపగ్రహంతో అనుసంధానమైన పట్టీలు ఉన్నాయి. వాటిని అమర్చినది వేరే అధ్యయనం కోసం. కాని ఆ ఉదయం అవి ఎటు నడిచాయో పట్టీలు నమోదు చేశాయి. ఆ వివరాలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2006లో తమ ఫలితాలు ప్రకటించారు. అల రాకను పసిగట్టి పారిపోయినట్లు ఆ రెండు ఏనుగుల కదలికల్లో ఆధారం కనబడలేదు. రెండు ఏనుగులతో లోకంలోని ఏనుగులన్నిటినీ తేల్చివేయలేమన్నది నిజమే. భూకంపపు అదురును మనకంటె కొన్ని క్షణాల ముందు కొన్ని జంతువులు గుర్తించవచ్చునన్నదీ కాదనరానిదే. కాని బిడ్డల ప్రాణాలను కుక్క మొరుగుపై ఆధారపరచేటంత బలమైన సాక్ష్యం మాత్రం లేదు. మరి దేనిపై ఆధారపడాలన్న మాటకు వ్యాసం చివర వస్తాము.

ఇప్పుడు తాబేలు సంగతి. సముద్ర తాబేళ్ళన్నిటిలోకీ పెద్దది లెదర్‌బ్యాక్. గట్టి డిప్పకు బదులు తోలువంటి వీపు, దానిపై నిలువునా గట్లు. ఐదువందల కిలోల బరువుకు మించి పెరగగల ఈ ప్రాణి ప్రధానాహారం, వింతగా, నీరుతప్ప మరేమీ లేనట్లుండే జెల్లీచేప. సరీసృపమై ఉండి కూడా, చల్లని నీటిలో తన ఒంటి వేడిని నిలుపుకోగలదు. వెయ్యి మీటర్లకు మించిన లోతుకు మునగగలదు. మన దేశంలో ఇది గుడ్లు పెట్టే ముఖ్యమైన తీరాలు ఈ దీవుల్లోనే, లిటిల్ అండమాన్‌లోనూ నికోబార్ దీవుల్లోనూ ఉన్నాయి.

గుడ్లు పెట్టి సముద్రంలోకి దిగిన తల్లి తాబేలు ఆపైన ఎక్కడికి పోతుంది? బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, దక్షిణ్ ఫౌండేషన్ పరిశోధకులు అటవీశాఖ సహకారంతో 2011 మొదలు కొన్నేళ్ళలో లిటిల్ అండమాన్ తీరాన పది తాబేళ్ళకు ప్రసారిణులు, అనగా ట్రాన్స్‌మిటర్లు, అమర్చారు. ఇందులోని ఇంజనీరింగు మన పాఠకులకు ఆసక్తి కలిగించగలదు. రేడియో తరంగాలు ఉప్పునీటిలో నుండి బయటికి రాలేవు. కనుక తాబేలు మునిగి ఉన్నంతసేపూ ప్రసారం వృథా, బ్యాటరీ దండుగ. దీనికి విరుగుడు ఎంతో సులభమైనది. పెట్టెపై రెండు లోహపు మొనలుంటాయి. ఉప్పునీరు విద్యుద్వాహకం గనుక మునిగినప్పుడు ఆ రెంటి నడుమ విద్యుత్తు ప్రవహిస్తుంది, ప్రసారం నిలిచిపోతుంది. ఊపిరి కోసం తాబేలు పైకి తేలగానే మొనల నడుమ వలయం తెగుతుంది, ఆ క్షణమే ప్రసారిణి మేల్కొని క్లుప్తమైన సంకేతం పంపుతుంది. తాబేలు ఊపిరే ఇక్కడ స్విచ్చు.

సంకేతాన్ని అందుకునేవి ధ్రువాల మీదుగా తిరిగే ఆర్గోస్ ఉపగ్రహాలు. రైలు కూత మన వైపు వస్తున్నప్పుడు హెచ్చుగా, దాటిపోయాక తగ్గుగా వినిపించడం అందరి అనుభవంలోనిదే. ఉపగ్రహం దగ్గరకు వచ్చి దాటిపోయేటప్పుడు సంకేతపు పౌనఃపున్యంలో కలిగే అటువంటి మార్పును కొలిచి, తాబేలు ఎక్కడున్నదో లెక్కగడతారు. డాప్లర్ సూత్రాన్ని కళాశాలలో పరీక్ష కోసం చదివిన మాకు, అది ఒక తల్లి తాబేలు చిరునామా చెబుతుందని నాడు తోచలేదు.

వచ్చిన ఫలితం విస్మయకరం. కొన్ని తాబేళ్ళు సుమత్రా పక్కగా ఆగ్నేయంగా సాగి పశ్చిమ ఆస్ట్రేలియా వైపు వెళ్ళాయి. మరికొన్ని నైఋతిగా హిందూ మహాసముద్రాన్ని అడ్డంగా ఈది ఆఫ్రికా దిక్కుకు పోయాయి. వాటిలో ఒకటి తొమ్మిది నెలల లోపున పదమూడు వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి మొజాంబిక్ తీర జలాలను చేరింది. ఒకే ఇసుకతిన్నెపై గుడ్లు పెట్టిన తల్లులు రెండు ఖండాలకు దారి తీశాయి. చాతం నుండి విశాఖకు ఓడలో ప్రయాణం చేసి, ఒడ్డు కనబడేదాకా రోజులు లెక్కపెట్టుకున్న మన కుటుంబాలకు ఈ దూరం విలువ చెప్పనక్కరలేదు.

పరికరం ఖరీదైనదైతేనే విజ్ఞానం లభిస్తుందని భ్రమపడరాదు. 2021 మార్చిలో ఒడిశా తీరాన ఒక ఆలివ్ రిడ్లే తాబేలు ముందు రెక్కకు సంఖ్య చెక్కిన చిన్న లోహపు బిళ్ళ తగిలించారు. 2025 జనవరిలో అదే తాబేలు మహారాష్ట్రలోని గుహాగర్ తీరాన గుడ్లు పెడుతూ కనబడింది. తూర్పు తీరపు తాబేలు పడమటి తీరాన ప్రసవించగలదని తెలిపిన ఆ బిళ్ళలో బ్యాటరీ లేదు, సర్క్యూటు లేదు. ఒడ్డున రాత్రివేళ మెలకువగా తిరిగి, అంకెలు సరిగా చదివి, పుస్తకంలో వ్రాసుకున్న మనుషులే అందులోని యంత్రాంగం. లాగు పుస్తకం నింపడం విసుగైన పని అని గొణిగే మన యువ సహోద్యోగులు ఈ ఉదంతాన్ని గుర్తుంచుకోవాలి.

ఎలక్ట్రానిక్ పరికరానికి మరొక ముఖం కూడా ఉంది. ఉత్తర అండమాన్ గుహల్లో, ఇంటర్‌వ్యూ దీవిలో స్విఫ్ట్‌లెట్ అనే చిన్న పిట్ట ఉంటుంది. కటిక చీకటి గుహలో టకటకమని చప్పుడు చేస్తూ, గోడ నుండి తిరిగివచ్చే ప్రతిధ్వనిని బట్టి దారి తెలుసుకుంటుంది. గబ్బిలం ధ్వని మన చెవికి అందదు, ఈ పిట్ట చప్పుడు మాత్రం అందుతుంది. ఓడల అడుగున మనం అమర్చే సోనార్ సూత్రమూ ఇదే. ఈ పిట్ట తన లాలాజలంతోనే గూడు కడుతుంది. ఆ గూటితో చేసే పులుసుకు తూర్పు ఆసియాలో విపరీతమైన గిరాకీ. గుడ్లు పొదిగే లోపే గూళ్ళను దొంగిలించడంతో 1990లలో వీటి సంఖ్య దారుణంగా పడిపోయినట్లు కోయంబత్తూరులోని సలీం అలీ పక్షిశాస్త్ర కేంద్రానికి చెందిన రవి శంకరన్ పరిశోధనలో తేలింది. 1999లో అటవీశాఖతో కలిసి గుహల వద్ద కాపలా ఏర్పాటు చేశారు. నాడు గూళ్ళు సేకరించినవారిలో కొందరినే కాపలాదారులుగా నియమించడం ఈ ప్రయత్నంలోని వివేకం.

ఇండోనేషియా, మలేషియాలలో ఇదే జాతి పిట్టల కోసం కిటికీలు లేని కాంక్రీటు మేడలు కట్టి, రికార్డు చేసిన పిట్టల కూతలను స్పీకర్లలో వినిపిస్తారు. ఆ పిలుపు విని పిట్టలు వచ్చి గూళ్ళు కడతాయి. మేడ యజమాని గూడు కోస్తాడు. తాబేలు వీపుపై ఉన్నదీ ఎలక్ట్రానిక్సే, మేడలో పిట్టను పిలిచేదీ ఎలక్ట్రానిక్సే. ఒకటి ప్రాణి మాటను మనకు వినిపిస్తుంది, రెండవది మన అవసరాన్ని ప్రాణి భాషలో పలుకుతుంది. పిల్లలు పెద్దవై ఎగిరిపోయాక గూడు తీస్తే రెండు పక్షాలకూ నష్టం లేదు. అంతవరకు ఆగుతామా అన్నది సర్క్యూటు తేల్చే విషయం కాదు, మన సంయమనం తేల్చవలసినది.

ఇక సరికొత్త విద్య ఒకటి చెప్పి తీరాలి. చెన్నై నుండి ఈ దీవులకు సుమారు 2,300 కిలోమీటర్ల పొడవైన సముద్రగర్భ ఆప్టికల్ ఫైబర్ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. అంతకుముందు ఉపగ్రహ మార్గంలో నత్తనడక నడిచిన సమాచారం నాటి నుండి పరుగెత్తసాగింది. అయితే గాజుపోగు మాటలు మోయడమే కాదు, వినగలదు కూడా. పోగులోకి లేజరు కాంతిని విడతలు విడతలుగా పంపితే, గాజులోని అతి సూక్ష్మమైన అసమానతల వల్ల కొంత కాంతి వెనుకకు మరలుతుంది. నీటిలోని ధ్వని పోగును వెంట్రుకవాసి కన్న తక్కువగా సాగదీసినా, మరలి వచ్చే కాంతిలో ఆ తేడా పట్టుబడుతుంది. అంటే పోగు పొడవునా కొద్ది మీటర్లకొక మైక్రోఫోను పరచినట్లే. ఉత్తరధ్రువ ప్రాంతంలోని స్వాల్‌బార్డ్ వద్ద నార్వే శాస్త్రజ్ఞులు 2020లో సముద్రం అడుగున ఉన్న ఫైబర్‌లో 120 కిలోమీటర్ల మేర ఇలా చెవి ఒగ్గి, తిమింగలాల ధ్వనులు విన్నారు. ఫలితాలు 2022లో వెలువడ్డాయి. పొడవాటి కేబుళ్ళలో మధ్య మధ్య ఉండే రిపీటర్లు ఈ పద్ధతికి అడ్డు గనుక, తీరం నుండి వంద కిలోమీటర్ల ప్రాంతమే దీనికి అనువు. అయినా చుట్టూ సముద్రమే ఉన్న దీవులకు వంద కిలోమీటర్ల వినికిడి తక్కువేమీ కాదు. భూకంపపు అదురును కూడా ఆ పోగే వినగలదు.

ఈ మాటతో మా ఇంటి పాత ప్రశ్నకు తిరిగి వస్తున్నాము. 2007లో హైదరాబాదులో ఇన్‌కాయిస్ సంస్థ ఆవరణలో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం వెలిసింది. భూకంప లేఖినులు, తీరంలోని అలల కొలబద్దలు, సముద్రం అడుగున పీడనాన్ని కొలిచే పరికరాలు దాని జ్ఞానేంద్రియాలు. అడుగున ఉన్న పరికరం, కిలోమీటర్ల లోతు నీటి బరువులో సెంటీమీటరు తేడానైనా గుర్తించి, ఆ సంగతిని ధ్వని రూపంలో పైనున్న తేలియాడే బోయాకు పంపుతుంది. బోయా ఉపగ్రహానికి అందిస్తుంది. నీటిలో రేడియో పనిచేయదన్న చిక్కు తాబేలుకూ, దీనికీ ఒకటే. తాబేలు పైకి వచ్చి చెబుతుంది, ఇది కింద నుండే అరిచి చెబుతుంది.

ఆంధ్ర తీరానికి ఈ ఏర్పాటు గంటల వ్యవధి ఇవ్వగలదు. అండమాన్, నికోబార్‌లకు భూకంప కేంద్రం ఇంటి ముంగిట ఉన్నట్లే గనుక, అల రావడానికి నిమిషాల వ్యవధే ఉండవచ్చు. కనుక తీరాన నివసించే మన ఉద్యోగుల కుటుంబాలకు మేము చెప్పేది ఒక్కటే. నిలబడలేనంతగా గాని, చాలాసేపు గాని భూమి కంపిస్తే, సముద్రం వెనుకకు తగ్గితే, సైరను కోసం గాని ఫోను కోసం గాని ఎదురుచూడక వెంటనే ఎత్తుకు నడవండి. అధికారికంగా ప్రమాదం తొలగిందని చెప్పేవరకు దిగిరావద్దు, ఏలయన తొలి అల కన్న తరువాతి అల పెద్దది కావచ్చు. లిటిల్ అండమాన్‌లోని ఓంగీలు 2004లో పూర్వుల నుండి వచ్చిన ఇటువంటి జ్ఞానంతోనే ఎత్తుకు చేరి ప్రాణాలు దక్కించుకున్నారని పత్రికలు వ్రాశాయి. అది జంతువుల అతీంద్రియ శక్తి కాదు, తరతరాలుగా మనుషులు గుర్తుంచుకున్న పరిశీలన. ఈ సంగతి మా అత్తగారితో చెప్పినప్పుడు ఆమె కొంతసేపు ఆలోచించి, “సరే నాయనా, కొండకు దారి పిల్లలకు చూపించి ఉంచండి. కుక్క ఉంటే దాన్నీ తీసుకుపోండి” అన్నారు. అంతకన్న మంచి విపత్తు ప్రణాళిక మాకు ఎక్కడా కనబడలేదు.

చివరగా ఒక చింత. గ్రేట్ నికోబార్‌లోని గలథియా తీరం లెదర్‌బ్యాక్ తాబేళ్ళకు పుట్టిల్లు. 2004 సునామీ అక్కడి ఇసుకతిన్నెను తుడిచిపెట్టింది. సముద్రమే మళ్ళీ ఇసుక తెచ్చి పోసింది, తాబేళ్ళు తిరిగివచ్చాయి. ఇప్పుడక్కడ పెద్ద ఓడరేవుకు సంకల్పం జరిగింది, 2022 నవంబరులో పర్యావరణ అనుమతి లభించింది. రేవుల వల్ల దేశానికి కలిగే మేలు ఇంజనీరులమైన మాకు తెలియనిది కాదు. అటువంటి నిర్మాణాలపైనే మనలో ఎందరికో జీవనం సాగుతున్నది. కాని ఏ నిర్మాణానికైనా ముందు నేలను సర్వే చేయడం మన వృత్తిధర్మం. ఆ తీరం నిజమైన సరిహద్దు ఎక్కడున్నదో లిటిల్ అండమాన్ తాబేళ్ళు సర్వే చేసి చూపాయి. దాని ఒక గట్టు ఆస్ట్రేలియా, మరొక గట్టు ఆఫ్రికా. కాపాడతామని కాగితంపై వ్రాసిన ప్రతి షరతునూ కట్టడం ఎంత పకడ్బందీగా కడతామో అంత పకడ్బందీగా అమలు జరిపి, ఏటేటా కొలిచి, ఆ లెక్కలు దాచకుండా ప్రకటించాలి. సునామీ తరువాత తాబేలు తిరిగి వచ్చింది. మనిషి కట్టడం తరువాత కూడా వస్తుందా లేదా అన్నది ఆ లెక్కలే చెప్పాలి.

మన పిల్లలకు ఇందులో ఆడుకునే వస్తువు కూడా ఉంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వారి మెర్లిన్ అనే ఉచిత ఆప్ 2021 నుండి పక్షి కూతను విని పేరు చెప్పగలుగుతున్నది. సెలవు రోజున ఉదయం పిల్లలతో క్వార్టర్ల ఆవరణలోకి వెళ్ళండి. ఫోను చెప్పిన పేరును వెంటనే నమ్మనివ్వకండి. పిట్టను కళ్ళతో చూసి సరిచూడమనండి, తేదీ వేసి ఒక నోటుపుస్తకంలో వ్రాయించండి. పరికరాన్ని వాడడం, దానిని పరీక్షించడం, చూసినది చూసినట్లు వ్రాయడం అనే మూడు అలవాట్లూ ఆ ఒక్క ఉదయం వారికి నేర్పగలదు.